మిత్రదేశానికి రహస్యం ఇస్తే నేరం తగ్గుతుందా?

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా, కరెంటు గురించో పంపుల గురించో చెబుతానని కార్యదర్శి గారు అనుకున్నారు. గూఢచారుల గురించి మాట్లాడతానంటే ఫోన్లో కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'సరే, నిద్ర రాకుండా ఉంటుంది' అన్నారు. మధ్యాహ్నం భోజనం తర్వాతి సమయం నాకు ఎందుకు ఇచ్చారో ఇప్పుడు అర్థమవుతోంది.

ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఆ మధ్య మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక వాదన మొదలై నాలుగు రోజులు ఆగలేదు. దేశ రహస్యాలు శత్రువుకు అమ్మినవాణ్ణి ఎంత శిక్షించినా తప్పులేదు. కానీ మిత్రదేశానికి ఇచ్చినవాణ్ణి, అదీ మంచి మనసుతో ఇచ్చినవాణ్ణి, అదే గాటన కట్టవచ్చా? ఇదీ ప్రశ్న. మా గ్రూపులో చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లల్లో కొందరు రక్షణ శాఖకు పనులు చేసే కంపెనీల్లో చేరారు. అందుకే ఇది మనకు సంబంధం లేని సినిమా కథ కాదు. గ్రూపులో అందరూ మాట్లాడారు, ఒకరి మాట ఒకరు వినలేదు. వేదిక మీద అయితే అడ్డు తగిలేవారు ఉండరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకం లాంటి కేసు ఒకటుంది: జొనాథన్ పొలార్డ్ కేసు. 1985 నవంబరు 21న వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం గేటు దగ్గర అతన్ని ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. అప్పటికి మేము ఇదే బడిలో పదో తరగతి చదువుతున్నాం. పొలార్డ్ అమెరికాలో పుట్టిన యూదుడు. స్టాన్‌ఫర్డ్‌లో చదివాడు. అమెరికా నౌకాదళ ఇంటెలిజెన్స్‌లో సివిలియన్ ఉద్యోగి. 1984లో అవియెమ్ సెల్లా అనే ఇజ్రాయెల్ వాయుసేన అధికారిని కలిశాడు. అప్పటినుంచి దాదాపు ఏడాదిన్నర పాటు ఆఫీసు నుంచి రహస్య పత్రాలు సంచుల్లో బయటికి తెచ్చి ఇజ్రాయెల్ మనుషులకు అందించాడు. వాటిని పేరిస్తే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు వస్తుందని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. అంటే మన పాత సైన్సు ల్యాబు పక్కన ఉన్న స్టోరు గది నిండిపోయేంత.

ఈ పనంతా వెనకనుంచి నడిపించింది లాకమ్ అనే ఇజ్రాయెల్ సంస్థ. దాని అధిపతి రఫీ ఐతాన్. 1960లో అర్జెంటీనా నుంచి నాజీ ఐక్‌మన్‌ను పట్టి తెచ్చిన బృందానికి నాయకుడు ఆయనే.

పొలార్డ్ చెప్పుకున్నది ఇది. 'నేను అమెరికాకు హాని చెయ్యాలని చెయ్యలేదు. అరబ్బు దేశాల ఆయుధాల గురించి, సోవియట్లు వాళ్లకు ఇచ్చిన సామగ్రి గురించి ఇజ్రాయెల్‌కు తెలియాల్సిన సమాచారాన్ని అమెరికా తొక్కిపెడుతోంది. ప్రాణాల మీదికి వచ్చే విషయం మిత్రుడి దగ్గర దాచిపెట్టడం తప్పు. ఆ తప్పును నేను సరిదిద్దాను.' ఈ మాటల్లో కొంత నిజం ఉందనే చెప్పాలి. అతని మీద మోపిన అభియోగంలో కూడా అమెరికాకు హాని తలపెట్టాడని లేదు, పరాయి దేశానికి మేలు కలిగేలా ఇచ్చాడని మాత్రమే ఉంది. సీఐఏ 1987లో తయారుచేసిన నష్టం అంచనాలో చాలా భాగం 2012లో బయటికి వచ్చింది. ఇజ్రాయెల్ అతని దగ్గర అడిగినవి ప్రధానంగా అరబ్బు దేశాల, పాకిస్తాన్, సోవియట్ సంగతులేనని అందులోనూ ఉంది. పాకిస్తాన్ అణు కార్యక్రమం వివరాలు కూడా ఆ మూటలో ఉన్నాయి. ఇది చెప్పగానే గ్రూపులో ఒకడు 'అయితే మంచిపనే చేశాడు' అన్నాడు. ఆ మాటకు మళ్లీ వస్తాను.

ముందు 'అమెరికా గురించి ఏమీ చెప్పలేదు కదా' అన్న వాదన చూద్దాం. ఇక్కడ ఇంజనీరుగా నాకు కొంచెం చొరవ ఉంది. తొమ్మిదో తరగతిలో వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చి మా ఫిజిక్సు మాస్టారు మొదట నేర్పింది లీస్ట్ కౌంట్. ఎవరైనా ఒక రీడింగు 2.34 సెంటీమీటర్లు అని రాసిస్తే, మనకు ఆ గోళీ వ్యాసం మాత్రమే కాదు, వాళ్ల దగ్గరున్న పరికరం ఎంత సన్నగా కొలవగలదో కూడా తెలిసిపోతుంది. గూఢచార నివేదికా అంతే. సిరియా క్షిపణి స్థావరం ఫొటో ఒకటి చేతికొస్తే, స్థావరం సంగతి అలా ఉంచండి, ఆ ఫొటో తీసిన ఉపగ్రహం ఎంత చిన్న వస్తువును చూడగలదు, ఏ వేళకు అక్కడికి వస్తుంది అన్నవి లెక్క కట్టవచ్చు. ఒక రేడియో సంభాషణ పాఠం చేతికొస్తే, ఏ తరంగం మీద ఎవరు చెవిపెట్టి వింటున్నారో తెలుస్తుంది. పొలార్డ్ ఇచ్చినవాటిలో రేడియో సంకేతాలను గుర్తుపట్టే పద్ధతుల పుస్తకం, పది సంపుటాలది, ఉంది. అది ఏ శత్రుదేశం గురించిన సమాచారమూ కాదు, అమెరికా చెవి ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకం. తీసుకున్నవాడు మిత్రుడే కావచ్చు. కానీ మిత్రుడి బీరువాకు మన తాళం ఉండదు. అక్కడినుంచి ఇంకెక్కడికి పోతుందో ఇచ్చినవాడికి తెలియదు, ఆపే శక్తి అసలే లేదు.

డ్రాయింగు ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. 'కంట్రోల్డ్ కాపీ' అని ముద్ర వేసిన డ్రాయింగు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో రిజిస్టర్లో రాసుకుంటాం. ఒక కాపీ రిజిస్టరు దాటి వెళ్లిందంటే, మంచివాడి ఇంట్లో ఉందా చెడ్డవాడి ఇంట్లో ఉందా అన్నది రెండో ప్రశ్న. ఆ డ్రాయింగు మీద మన అదుపు పోయింది అన్నది మొదటిది.

ఇక 'మిత్రదేశం' అన్న మాట. దీని మీద అమెరికా సుప్రీంకోర్టు 1941 జనవరిలోనే తీర్పు చెప్పింది, గోరిన్ కేసులో. ఆ కేసు నాకు పొలార్డ్ కేసుకంటే ఆసక్తిగా అనిపిస్తుంది. గోరిన్ సోవియట్ పౌరుడు, లాస్ ఏంజెలెస్‌లో సోవియట్ పర్యాటక సంస్థ ఇంటూరిస్టు కార్యాలయం నడిపేవాడు. సాలిచ్ అనే నౌకాదళ ఇంటెలిజెన్స్ ఉద్యోగి దగ్గర డబ్బిచ్చి నివేదికలు తీసుకున్నాడు. ఆ నివేదికలు దేని గురించి? అమెరికాలో ఉన్న జపాన్‌వాళ్ల కదలికల గురించి. 'ఇందులో అమెరికాకు నష్టం ఏముంది?' అని వాళ్లూ వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. చట్టం మిత్రుడు, శత్రువు అనే తేడా చూపలేదు, పరాయి దేశాల హోదా మారిపోతూ ఉంటుంది అన్నది. ఆ తీర్పు వచ్చాక ఏడాది తిరగకుండానే జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడింది, జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది, అమెరికా, సోవియట్లు ఒక పక్షాన నిలబడ్డారు. ఇంకో అయిదేళ్లకు మళ్లీ ఎడమొహం పెడమొహం. జనవరిలో అనుమానించాల్సిన దేశం డిసెంబరుకు మిత్రుడైతే, గుమస్తా ఏ తేదీ క్యాలెండరు చూసి కాగితం ఇవ్వాలి? ఎవరు ఎంతవరకు మిత్రులో తేల్చే పని ప్రభుత్వానిది. ఆ పని తప్పుగా చేస్తే ఓటుతో దింపవచ్చు. పొలార్డ్‌కు ఆ పని ఎవరూ అప్పగించలేదు.

పైగా మిత్రుల మధ్య సమాచారం ఊరికే పారదు. నువ్వు ఇది ఇస్తే నేను అది ఇస్తాను అని బేరం ఉంటుంది. ఈ మాట మన దగ్గర అంటే 'స్నేహంలో బేరమేమిటి' అంటారు గానీ, దేశాలకు అదే పద్ధతి. వెనకదారిన ఉచితంగా వచ్చేస్తే ముందుదారిన ఎవరు ధర కడతారు?

ఆ మిత్రదేశం పొలార్డ్‌ను ఎలా చూసిందో కూడా చెప్పాలి. అరెస్టయిన రోజు అతను భార్యను వెంటబెట్టుకుని కారులో రాయబార కార్యాలయం ఆవరణలోకి వెళ్లాడు, ఆశ్రయం దొరుకుతుందని. బయటికి పొమ్మన్నారు. గేటు బయట ఎఫ్‌బీఐ వాళ్లు కాచుకుని ఉన్నారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఇదంతా తమకు తెలియకుండా కొందరు చేసిన పని అన్నది. 1995లో పౌరసత్వం ఇచ్చింది, 1998లో గానీ అతను మా మనిషే అని ఒప్పుకోలేదు. అంటే పదమూడేళ్లు. దాన్ని నేను ద్రోహం అనను. దేశాలు అలాగే ఉంటాయి. కానీ 'నేను మిత్రుడికి సాయం చేశాను' అనేవాడు ఆ గేటును ఒకసారి తలుచుకోవాలి.

ఇప్పుడు ఉద్దేశం సంగతికి వద్దాం. చట్టంలో రెండు వేరువేరు ప్రశ్నలు ఉంటాయి. తెలిసి చేశాడా అన్నది ఒకటి. ఎందుకు చేశాడు అన్నది ఇంకొకటి. నేరం జరిగిందా లేదా అని తేల్చేది మొదటిది. తల్లి మందుల కోసం దొంగతనం చేసినా అది దొంగతనమే. శిక్ష వేసేటప్పుడు మాత్రం జడ్జి తల్లినీ చూస్తాడు, మందునీ చూస్తాడు. చూడాలి కూడా. ఇందులో తగాదా లేదు. తగాదా అంతా, గూఢచర్యంలో ఆ 'ఎందుకు' అన్నదాన్ని నమ్మేదెలా అన్న దగ్గర.

నా కొలత ఇది. మనిషి ఏం చెప్పాడన్నది కాక, ఆ ఉద్దేశం కోసం తాను ఏం వదులుకున్నాడో చూడాలి. పొలార్డ్ ఏం వదులుకున్నాడు? నెలకు 1,500 డాలర్లు పుచ్చుకున్నాడు, తర్వాత అది 2,500 అయింది. కాబోయే భార్యకు వజ్రం, నీలం పొదిగిన ఉంగరం అందింది. విదేశీ ప్రయాణాల ఖర్చులు వచ్చాయి. ఆమె తన వ్యాపారం కోసం వాడుకోవడానికి చైనాకు సంబంధించిన రహస్య పత్రాలు కూడా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. అందులో ఇజ్రాయెల్ ప్రాణరక్షణ ఎక్కడుంది? ఆశయం ఉన్నవాడికి జీతం ఉండకూడదని నేను అనను. కానీ ఆశయానికి ఇంక్రిమెంటు వస్తున్నప్పుడు జడ్జి దాన్ని ఆశయం పద్దులో రాయనక్కర్లేదు.

మన పెద్దలు ఈ ప్రశ్నను ఎప్పుడో ఎత్తుకున్నారు. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని సామెత ఉంది. ఇంత చిత్రమైన సామెత ఇంకొకటి ఉండదేమో. రామాయణం విన్న ప్రతివాడికీ విభీషణుడు ధర్మాత్ముడు. చిరంజీవుల్లో ఒకడు. అయినా ఇంట్లో గుట్టు బయటపెట్టేవాణ్ణి తిట్టడానికి మనకు దొరికిన ఉదాహరణ కూడా ఆయనే. కథలో రాముడి పక్కన కూర్చుంటాం, సామెతలో లంక గోడ లోపలి నుంచి మాట్లాడతాం. రెండూ మనమే.

అయితే విభీషణుడు చేసిన పని క్రమం గమనించండి. ముందు నిండుసభలో అన్నకు ఎదురుగా నిలబడి 'ఇది తప్పు, సీతను పంపించెయ్' అన్నాడు. అవమానం పడ్డాడు. నలుగురు అనుచరులతో లంకను వదిలి, అందరూ చూస్తుండగా వెళ్లిపోయాడు. రాముడి శిబిరం దగ్గర ఆకాశంలో నిలబడి తాను ఎవరో, ఎవరి తమ్ముడో చెప్పుకున్నాడు. సుగ్రీవుడు అనుమానించాడు, ఆ అనుమానం భరించాడు. ఆ తర్వాతే లంక గుట్లు చెప్పాడు, నికుంభిలలో ఇంద్రజిత్తు చేసే హోమంతో సహా. రావణుడి కొలువులో ఉంటూ, రావణుడి ఉప్పు తింటూ, రాత్రిళ్లు సముద్రం దాటించి తాళపత్రాలు పంపలేదు. పొలార్డ్ తన పైవాళ్లకు ఫిర్యాదు రాసి, ఉద్యోగం వదిలి, ఇజ్రాయెల్ వెళ్లి తన తలలో ఉన్నది చెప్పి ఉంటే చట్టం అప్పుడూ తప్పు పట్టేది. కానీ అతని ఉద్దేశం గురించి నేను ఇలా మాట్లాడేవాణ్ణి కాదు.

ఇంతవరకు విని, నేను ప్రభుత్వం వైపు మనిషిననుకుంటున్నారేమో. శిక్ష దగ్గరికి వచ్చేసరికి నేను అటువైపు లేను.

పొలార్డ్ విచారణ లేకుండా 1986లో నేరం ఒప్పుకున్నాడు. దానికి బదులుగా యావజ్జీవం అడగబోమని ప్రభుత్వం ఒప్పుకుంది. తీరా 1987 మార్చి 4న జడ్జి ఆబ్రీ రాబిన్సన్ యావజ్జీవమే వేశాడు. ఆ ఒప్పందం జడ్జిని కట్టదు, నిజమే. పొలార్డ్ కూడా అనుమతి లేకుండా జైలు నుంచి పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చి తన గోతి తాను తవ్వుకున్నాడు, అదీ నిజమే. కానీ రక్షణ మంత్రి కాస్పర్ వైన్‌బర్గర్ రాసిన 46 పేజీల రహస్య ప్రకటన కోర్టుకు వెళ్లింది. శిక్ష వేసే ముందు రోజు ఇంకో అనుబంధం వెళ్లింది. నోటితో యావజ్జీవం అనకుండా, అది తప్ప వేరే దారి లేదనిపించేలా రాయడం మాట నిలబెట్టుకోవడం అవుతుందా? 1992లో అప్పీలు కోర్టు పొలార్డ్ విన్నపాన్ని ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా కొట్టేసింది. ఆ మూడో జడ్జి స్టీఫెన్ విలియమ్స్ మాత్రం ఒప్పందం స్ఫూర్తిని ప్రభుత్వం తప్పిందని, ఇది న్యాయం తలకిందులవడమేనని రాశాడు. నేను ఆయన పక్షం.

ఇప్పుడు మిగతా మిత్రదేశాల కేసులు పక్కన పెట్టి చూడండి. స్టీవెన్ లాలస్ అనే అమెరికా విదేశాంగ ఉద్యోగి గ్రీసుకు రహస్యాలు అమ్మాడు. 1993లో 14 ఏళ్లు వేశారు. రాబర్ట్ కిమ్ దక్షిణ కొరియాలో పుట్టి అమెరికా పౌరుడైనవాడు, పొలార్డ్ లాగే నౌకాదళ ఇంటెలిజెన్స్‌లో పని. పుట్టిన దేశపు నౌకాదళ అధికారికి ఉత్తర కొరియా తదితర విషయాల మీద రహస్య పత్రాలు ఇచ్చాడు. 1996లో పట్టుకున్నారు, 1997లో తొమ్మిదేళ్లు వేశారు. డబ్బు తీసుకోలేదు.

ఇంకొకాయన ఉన్నాడు, మనవాడే, అంటే మెకానికల్ ఇంజనీరు: బెన్-అమీ కాడిష్. న్యూజెర్సీలో పికటినీ ఆర్సెనల్ అనే సైనిక పరిశోధన కేంద్రంలో పనిచేశాడు. 1979 నుంచి 1985 దాకా అక్కడి లైబ్రరీ నుంచి పత్రాలు ఇంటికి తెచ్చేవాడు. ఇజ్రాయెల్ మనిషి వచ్చి ఇంటి కింది గదిలో వాటిని ఫొటోలు తీసుకునేవాడు. పొలార్డ్ దగ్గర తీసుకున్నదీ ఆ మనిషే. ఆ పత్రాల్లో అణ్వాయుధాల సమాచారం, ఎఫ్-15 విమానం వివరాలు ఉన్నాయి. కాడిష్ పుచ్చుకున్నది చిన్నచిన్న బహుమతులు, కొన్ని భోజనాలు మాత్రమే. 2008లో బయటపడింది. అప్పటికి వయసు 84. శిక్ష 50,000 డాలర్ల జరిమానా. ఒక్కరోజు కూడా జైలు లేదు.

ఒకే దేశానికి, ఒకే మనిషి చేతికి, ఇంచుమించు ఒకే కాలంలో ఇచ్చిన ఇద్దరిలో ఒకరికి యావజ్జీవం, ఇంకొకరికి జరిమానా. వయసు, గడిచిన కాలం, పత్రాల పరిమాణం, డబ్బు, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఈ రెండు అంకెల మధ్య దూరం నాకు పొసగదు. పొలార్డ్ 30 ఏళ్లు జైల్లో ఉండి 2015 నవంబరులో పెరోల్ మీద బయటికి వచ్చాడు. 1998లో అతన్ని వదిలే ఆలోచన వచ్చినప్పుడు సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ రాజీనామా చేస్తానని క్లింటన్‌కు చెప్పాడు. అంత కోపం సంస్థకు ఉండవచ్చు, శిక్షకు ఉండకూడదు. సోవియట్లకు నౌకాదళ సంకేతాలు ఏళ్ల తరబడి అమ్మిన జాన్ వాకర్‌కూ యావజ్జీవమే. పొలార్డ్‌నూ వాకర్‌నూ ఒకే మెట్టు మీద నిలబెడితే, రేపు పట్టుబడబోయేవాడు శత్రువుకే అమ్ముకోవచ్చు కదా, శిక్ష ఎలాగూ ఒకటే. నన్నడిగితే పొలార్డ్‌కు పన్నెండు, పదిహేనేళ్లు సరిపోయేవి. అతని మనసు మంచిదని కాదు. జరిగిన నష్టం కొలిచి, మిగతా కేసుల వరసలో పెట్టి చూస్తే అక్కడికి వస్తుంది. ఉద్దేశానికి ఆ లెక్కలో రెండు మూడేళ్ల విలువ ఉంటుంది, అంతకుమించి కాదు. కిమ్ విషయంలో ఇంకొంచెం ఎక్కువ ఇస్తాను, డబ్బు ముట్టలేదు కాబట్టి.

ఇందాక వాయిదా వేసిన మాట: 'పాకిస్తాన్ అణు వివరాలు ఇచ్చాడు కాబట్టి మంచిపనే.' మనకు నచ్చిన దిక్కుకు గాలి వీస్తే ఇలా అనిపిస్తుంది. అదే గాలి తిరగబడితే? పొలార్డ్ పట్టుబడిన 1985లోనే, జనవరిలో, ఢిల్లీలో కూమర్ నారాయణ్ గూఢచర్యం కేసు బయటపడింది. ప్రధానమంత్రి కార్యాలయం నుంచే కాగితాలు బయటికి పోయాయి. ప్రిన్సిపల్ సెక్రటరీ పి.సి. అలెగ్జాండర్ రాజీనామా చేశారు. కాగితాలు చేరినవాళ్లలో ఫ్రాన్సు ఉంది. ఫ్రాన్సు మనకు శత్రువా? మనం వాళ్ల దగ్గర మిరాజ్ యుద్ధవిమానాలు కొంటున్న రోజులవి. వాళ్ల రాయబారి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆనాడు మనలో ఒక్కరైనా 'ఫ్రాన్సు మిత్రదేశమే కదా, పోనీలే' అన్నారా? మనం కొనబోయే వస్తువు గురించి మన ఆఫీసులో ఏం అనుకుంటున్నామో అమ్మేవాడికి ముందే తెలిస్తే ధర ఎవరి చేతిలోకి వెళుతుందో, టెండర్లు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1923 నాటి మన అధికార రహస్యాల చట్టం కూడా రక్షణ విషయాల్లో గూఢచర్యానికి 14 ఏళ్ల దాకా శిక్ష పెట్టింది. పరాయి దేశపు ఏజెంటుతో సంబంధం ఉండటమే సాక్ష్యంగా పనికొస్తుందంటుంది. ఆ ఏజెంటు మిత్రదేశంవాడా అని అడగదు.

ఉద్దేశాల గురించి ఇంకొక జాగ్రత్త. అవి అల్లడం చాలా తేలిక. 1994లో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను గూఢచారి అన్నప్పుడు డబ్బు, ఆడవాళ్లు అంటూ 'ఎందుకు' అన్నదానికి పత్రికల నిండా కథలు వచ్చాయి. 'ఏం ఇచ్చాడు' అన్నది మాత్రం ఎవరి దగ్గరా లేదు. 1996లో సీబీఐ అది తప్పుడు కేసని తేల్చింది. 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇప్పించింది. అందుకే ఏం జరిగిందన్నది రుజువయ్యాకే ఎందుకన్న ప్రశ్నకు తలుపు తియ్యాలంటాను, పొగడటానికైనా తిట్టడానికైనా.

చివరగా అమెరికాలో ఉన్న మనవాళ్ల మాట. పొలార్డ్ పనికి ధర అతనొక్కడే చెల్లించలేదు. మిషిగన్‌లో అమెరికా సైన్యపు ట్యాంకుల విభాగంలో ఒక యూదు మెకానికల్ ఇంజనీరు ఉండేవాడు. 1997లో అతను ఇజ్రాయెల్ గూఢచారేమోనని ఇల్లు సోదా చేశారు, ఉద్యోగం స్తంభించింది. ఏ కేసూ నిలవలేదు. అతని మతాన్ని బట్టే అలా చూశారని 2008లో అమెరికా రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చాడు. చేసినవాడు ఒకడు, అనుమానం పడ్డవాడు పన్నెండేళ్ల తర్వాత ఇంకొక ఊళ్లో ఇంకొకడు.

మన పిల్లలకూ ఇలాంటి క్షణం రావచ్చు. ఏ విందులోనో ఎవరో పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేసి, 'బాబూ, నువ్వు చేస్తున్న ప్రాజెక్టు మన దేశానికి ఎంత ఉపయోగమో తెలుసా, ఊరికే ఒక్కసారి చూపించు, రెండు దేశాలూ స్నేహితులే కదా' అంటాడు. అడిగేవాడు శత్రువులా రాడు. తెలుగులోనే మాట్లాడతాడు, మీ నాన్నగారి ఊరు అడుగుతాడు. అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు చేసిన ప్రమాణం అప్పుడు గుర్తుకు రావాలి. దాన్ని చాలామంది ఫారంలో చివరి పేజీ అనుకుంటారు. ఆ దేశానికి అది చివరి పేజీ కాదు. ఇండియాకు మేలు చెయ్యాలనుకునేవాడికి బోలెడు తెరిచిన తలుపులు ఉన్నాయి: ఇక్కడికి వచ్చి పాఠం చెప్పవచ్చు, కంపెనీ పెట్టవచ్చు, రెండు ప్రభుత్వాలూ సంతకం చేసిన ప్రాజెక్టులో చేరవచ్చు, లేదా అక్కడి ఉద్యోగం మానేసి తిరిగి రావచ్చు. తిరిగి వచ్చినా నోరు మూసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉంటాయి, అది వేరే సంగతి.

మా గ్రూపులో ఒక మిత్రుడు, పేరు చెప్పను, ఇక్కడే మూడో వరసలో ఉన్నాడు, 'మరి యుద్ధం వచ్చి నీ ఊరి మీద బాంబు పడబోతోందని నీకు ఒక్కడికే తెలిస్తే?' అని అడిగాడు. అప్పుడు చెబుతాను. ఫోన్ చేసి చెప్పి, తర్వాత నేనే పోలీసు స్టేషనుకు వెళ్లి కూర్చుంటాను. అటువంటి కేసులో జడ్జి ఉద్దేశాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలనే కోరుకుంటాను. కానీ అది ఒక్క ఫోను. ఏడాదిన్నర పాటు సంచులు మొయ్యడం కాదు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, టీ వచ్చేసినట్టుంది. వాదన ఉన్నవాళ్లు టీ దగ్గర పట్టుకోండి, ఈసారి మీ మాట కూడా వింటాను.